అద్వైతం, విశిష్టాద్వైతం, ద్వైతం: కలగాపులగం కాకుండా చదవడం ఎలా

దేవుడు, మనసు, శరీరం గురించి వేదాంతం ఏమంటుందో తెలుసుకుందామని మొదలుపెట్టిన చాలామంది నాలుగు ప్రవచనాలు విని, అద్వైతమంటే అంతా ఒక్కటే, ద్వైతమంటే రెండు, విశిష్టాద్వైతమంటే మధ్యలో ఏదో అనుకుని అక్కడే ఆగిపోతారు. మొదట్లోనే ఈ ఒకటి, రెండు లెక్కల జోలికి వెళ్లకండి. ముందు మనసు సంగతి తేల్చుకోండి, తర్వాత శరీరం, చివర్న దేవుడు. ఈ వరసలో వెళితే సగం టెన్షన్ తగ్గుతుంది.

మనసు కోసం ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం తెరవండి. తిన్న అన్నంలో అతి సూక్ష్మమైన భాగమే మనసవుతుందని ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి చెబుతాడు. కొడుకు ఇంకా వివరించమంటే, పదిహేను రోజులు తిండి మానెయ్, నీళ్లు మాత్రం ఎంత కావాలంటే అంత తాగు అంటాడు. ఆ తర్వాత ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే, పన్నెండేళ్లు గురువు దగ్గర చదివొచ్చిన కుర్రాడికి ఒక్కటీ గుర్తు రాదు. వెళ్లి తినిరా అంటాడు తండ్రి, తిన్నాక ఏదడిగినా చెప్పేస్తాడు.

ఇక్కడ కాసేపు ఆగండి, దీన్ని గబగబా దాటేస్తే ముందుకెళ్లాక ఏదీ సరిగా అర్థం కాదు. వేదాంతంలో మనసు ఆత్మలో భాగం కాదు, అన్నంతో నిలబడే ఒక సాధనం. 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ మనసుని ఒకవైపు, శరీరాన్ని ఇంకోవైపు పెట్టాడు. ఇక్కడ ఆ రెండూ ఒకవైపే, వాటిని ఎరిగే ఆత్మ రెండో వైపు. ముందు పాశ్చాత్య తత్త్వం చదివి ఇటు వచ్చినవాళ్లు తడబడేది సరిగ్గా ఈ చోటే.

శరీరానికి విశిష్టాద్వైతం చెప్పిన రామానుజులు, బ్రహ్మసూత్రాల మీద రాసిన శ్రీభాష్యంలో ఇచ్చిన నిర్వచనం ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏ పదార్థాన్నయితే ఒక చేతనుడు, అంటే తెలివి ఉన్నవాడు, తన కోసం పూర్తిగా నడిపించగలడో, నిలబెట్టగలడో, ఏది అతనికి లోబడి ఉండటమే స్వభావంగా కలదో, అది అతని శరీరం. చేతులు, కాళ్లు, ఎముకల ఊసే లేదు చూశారా! ఆ కాగితం పక్కన పెట్టుకుని బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో అంతర్యామి బ్రాహ్మణం అనే భాగం చదవండి. భూమి, నీళ్లు, గాలి, కన్ను, మనసు అన్నీ లోపలుండి నడిపించేవాడి శరీరమేనంటాడు యాజ్ఞవల్క్యుడు, ఆ ఉపనిషత్తుకే ఉన్న మరో పాఠం, మాధ్యందిన పాఠంలో అయితే ఆత్మ కూడా ఆ జాబితాలో ఉంది. లోకమూ జీవులూ దేవుడికి శరీరమన్న మాటకి బలం ఇక్కడినుంచే వస్తుంది. శరీరాన్ని తీసిపారేయకుండా దేవుడి దాకా తీసుకెళ్లిన ఈ ఆలోచన నాకు మూడింటిలోనూ బాగా ఇష్టం.

ఇక దేవుడి విషయానికొస్తే, అదే ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు తొమ్మిదిసార్లు చెప్పిన "తత్త్వమసి" (మామూలుగా "అది నువ్వే" అని అర్థం చెబుతారు) ఒక్కటే పట్టుకుని మూడు రకాలుగా చదవండి. అద్వైతం చెప్పిన శంకరులు శరీరం, మనసు లాంటి ఉపాధులన్నీ, అంటే ఆత్మకి పైపైన తగిలిన తొడుగులన్నీ, పక్కన పెట్టి చూడమంటారు, అప్పుడు మిగిలే చైతన్యం బ్రహ్మమే. రామానుజుల లెక్కలో "నువ్వు" అన్న మాట నీతో ఆగదు, నీ లోపలున్న అంతర్యామి దాకా వెళుతుంది. ద్వైతం చెప్పిన మధ్వాచార్యులు దాని ముందున్న "స ఆత్మా" (అది ఆత్మ) అన్న మాటతో కలిపి చదివి "అతత్ త్వమసి" అని విడదీస్తారు, అంటే నువ్వు అది కావు.

ఈ మూడోది విని చాలామంది మొండి వాదం అని కొట్టిపారేస్తారు, అలా చేయకండి. ఆ తొమ్మిదిసార్లూ ఉద్దాలకుడు ఇచ్చిన ఉదాహరణలు జీవుడికీ దేవుడికీ తేడానే చూపిస్తున్నాయని మధ్వుల వాదన. దారానికి కట్టిన పక్షి ఉంది, సముద్రంలో కలిసే నదులున్నాయి, నీళ్లలో కరిగిన ఉప్పు ఉంది. వాటిలో ఉప్పు ఉదాహరణ ముందు తీసుకోండి, భాష్యాలు తెరవకుండా మూల వాక్యాలు రెండుసార్లు చదివి, ఉప్పు నీళ్లయిపోయిందా, నీళ్లలో ఉందా అన్నది మీకేమనిపించిందో రాసుకుని, అప్పుడు ఆ ముగ్గురూ ఏమన్నారో చూడండి.