అడవిలో తప్పిపోయిన మనిషిని గాలించే పద్ధతి

2009 సెప్టెంబరు 2న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీదుగా వెళుతూ ఆచూకీ లేకుండా పోయింది. ఆకాశం నుంచీ నేల మీదా ఎందరు వెతికినా, మరునాడు ఉదయానికి గాని పావురాలగుట్ట మీద శకలాలు కనబడలేదు. అంత పెద్ద యంత్రాన్నే ఒక పగలూ ఒక రాత్రీ కనబడనివ్వని అడవిలో, దాహంతో సొమ్మసిల్లి ఏ బండ చాటునో పడివున్న మనిషి, పదిమంది పేరు పెట్టి పిలుస్తూ తోచిన వైపు తిరిగినంత మాత్రాన దొరకడు. ఉగాదికి ముందు కాలినడకన శ్రీశైలం వచ్చే కన్నడ భక్తులు, సలేశ్వరం జాతరకు వెళ్లేవారు, మేకల కాపరులు, తేనెకు వెళ్లినవారు ఎవరైనా దారి తప్పవచ్చు. పోలీసు, అటవీ సిబ్బందితో కలిసి గాలింపుకు వెళ్లే ఊరి యువకులనూ వాలంటీర్లనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

మొట్టమొదట 112కు ఫోన్ చేయాలి. ఇరవై నాలుగు గంటలు గడిస్తే గాని ఫిర్యాదు తీసుకోరన్నది చాలామందిలో ఉన్న అపోహ. అటువంటి నిబంధన ఏదీ లేదు, ఆ అపోహ వల్ల పోయేవి గాలింపుకు అన్నిటికన్నా విలువైన తొలి గంటలు. పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు కనుక వారికీ అదే సమయంలో కబురు అందాలి.

కాలు కదిపే ముందు అడగవలసినవి అడగాలి. మనిషిని చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు చూశారు, అప్పుడు అతని ముఖం ఏ దిక్కుకు ఉంది, కాళ్లకు ఉన్నవి ఎటువంటి చెప్పులు, మందులు ఏమైనా వాడుతున్నాడా, చెవులు సరిగా వినబడతాయా, కొత్తవారిని చూస్తే జంకుతాడా అన్నవి ఒక్కరే కూర్చుని, ఓపికగా, ఒక్కొక్క సాక్షినీ విడివిడిగా అడిగి రాసుకోవాలి. చివరిసారి కనిపించిన చోటును తాడు కట్టి కాపాడాలి. ఆత్రంగా చేరిన జనం ఆ చోటును తొక్కేస్తే అడుగుజాడలూ పోతాయి, పోలీసు జాగిలం పట్టవలసిన వాసనా చెదిరిపోతుంది. మనిషి మరో దారిన ఇల్లు చేరి ఉండవచ్చు కాబట్టి ఇంటి దగ్గరా, బస్టాండులోనూ ఒక్కొక్కరిని ఉంచడం మరచిపోకూడదు.

తరువాత రెండు పనులు ఒకేసారి జరగాలి. ముగ్గురు నలుగురు ఉన్న చురుకైన జట్లు కాలిబాటల వెంట, వాగుల వెంట, చెలమల దగ్గరకు, పాడుబడిన గుడిసెలకు వేగంగా వెళ్లి చూసి రావాలి. ఈలోగా రోడ్డు కూడళ్లలో, చెక్‌పోస్టుల దగ్గర, వాగు దాటే రేవుల్లో మనుషులను నిలిపి, తప్పిపోయినవారు మన కళ్లుగప్పి గాలింపు ప్రాంతం దాటిపోకుండా చూడాలి. మనుషులు చాలని చోట బాటకు అడ్డంగా మెత్తని మట్టినో ఇసుకనో కొమ్మతో చదును చేసి వదలితే, రాత్రి ఎవరు దాటినా తెల్లవారేసరికి జాడ కనబడుతుంది.

నా దృష్టిలో గాలింపుకు ఆయువుపట్టు జాడ చదవడమే. మనిషి ఒక్కడే, ఒక్క చోటే ఉంటాడు. కానీ అతను వదలిన అడుగులు, విరిగిన పుల్లలు, ముళ్లకు చిక్కిన నూలుపోగులు దారి పొడుగునా వందల సంఖ్యలో ఉంటాయి. అందుచేత మనిషి కోసం కాక ఆనవాళ్ల కోసం వెతకాలి. జాడ మనకూ సూర్యుడికీ మధ్య ఉండేట్లు నిలబడి, కిందికి వంగి చూడాలి. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో మడమ అంచు సన్నని నీడ గీతలా తేలుతుంది. మిట్టమధ్యాహ్నం అదే ముద్ర కళ్లెదుటే ఉన్నా ఆనదు. రాత్రిపూట టార్చిని నేలకు తాకించినంత కిందికి పట్టుకుంటే అదే ఫలితం వస్తుంది. ముద్ర మీదుగా రాత్రి తిరిగే పురుగుల గీతలు ఉంటే అది ఈ ఉదయం పడినది కాదు. ఎండుటాకు తిరగబడి తడి వైపు ఇంకా ముదురు రంగులో ఉంటే, ఎవరో లేక ఏదో జంతువో కాసేపటి కిందటే అటు వెళ్లినట్టు. ఒక కర్ర మీద రెండు అడుగుల మధ్య దూరాన్ని రబ్బరు బ్యాండుతో గుర్తు పెట్టుకుని, ఆఖరి ముద్ర నుంచి ఆ కర్రను అర్ధచంద్రాకారంగా తిప్పితే తరువాతి ముద్ర ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. ఈ విద్యలో చెంచులను మించినవారు నల్లమలలో లేరు. వారికి కూలీ ముందే మాట్లాడి, వారిని ముందు నడవనిచ్చి, మిగిలినవారు జాడకు పక్కగా, వారికి వెనుకగా నడవడం మర్యాద మాత్రమే కాదు, పని సాగే తీరు కూడా అదే.

2023లో కొలంబియా అడవిలో విమానం కూలిన తరువాత నలుగురు పిల్లలు 40 రోజులకు ప్రాణాలతో దొరికారు. సైనికులూ స్థానిక ఆదివాసులూ కలిసి వెతికిన ఆ గాలింపులో ఆశను నిలిపినవి కొరికి వదలిన పండు, పాలసీసా, చిన్న పాదముద్ర వంటివే. పిల్లలకు అర్థమయ్యే వారి భాషలో అమ్మమ్మ గొంతును హెలికాప్టర్ నుంచి వినిపించారు. పిల్లలు భయంతో గాలింపు బృందాల నుంచే దాక్కోవడం తరచూ జరుగుతుంది కనుక, మన దగ్గర కూడా తల్లి గొంతునో ఇంట్లో పిలిచే ముద్దుపేరునో వాడాలి. మతిమరుపు ఉన్న వృద్ధులు పిలిచినా పలకకపోవచ్చు. వారు కంపలోనో గోతిలోనో చిక్కుకుని, బయలుదేరిన చోటికి దగ్గరలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఎవరిని పిలిచినా, అందరూ ఒకేసారి ఈల వేసి ఆ తరువాత నిమిషం పాటు ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దంగా చెవి ఒగ్గాలి. ఆ నిమిషంలో వాకీటాకీ కూడా మోగకూడదు.

ఇక వరుసగా నిలబడి జల్లెడ పట్టవలసి వస్తే, మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలన్నది ఊహించి చెప్పకూడదు. తప్పిపోయినవారి దుస్తుల రంగు చొక్కా ఒకటి పొదలో ఉంచి, అది కనుమరుగయ్యే వరకు ఎనిమిది దిక్కులకూ నడిచి, ఆ దూరాల సగటు తీసి దాన్నిబట్టి ఎడం నిర్ణయించాలి. వర్షాకాలపు నల్లమలలోనూ, ఆకు రాలిన వేసవి నల్లమలలోనూ ఈ కొలత ఒక్కలా ఉండదు.

వెతికిన చోటును వెతికామని గీత కొట్టేయడం గాలింపులో జరిగే పెద్ద పొరపాటు. వందపాళ్లలో నలభై పాళ్లు మనిషి ఒక లోయలో ఉంటాడని అనుకుందాం. ఉంటే కనిపెట్టే అవకాశం సగమే అన్నంత మేరకు ఆ లోయను చూసి వచ్చారు, ఎవరూ కనబడలేదు. నలభైలో ఇరవై ఇంకా అక్కడే మిగిలి ఉన్నాయి. మొత్తం వందలో మిగిలినవి ఎనభై కనుక ఆ లోయ వంతు ఇప్పుడు 25 శాతం. ఇంకా చూడని గుట్టకు మొదట ముప్పై ఇచ్చి ఉంటే దాని వంతు 37.5 శాతానికి పెరుగుతుంది. తరువాతి జట్టు గుట్టకే వెళ్లాలి, అలాగని లోయను మరచిపోకూడదు. అందుకే తిరిగివచ్చిన ప్రతి జట్టునూ ఏం చూశారని మాత్రమే కాక, ఏ కంపలోకి చూపు పోలేదో, ఏ గుహ దగ్గర ఎలుగుబంటి భయంతో ఆగిపోయారో కూడా అడిగి, వారు నడిచిన దారిని చూపే జీపీఎస్ గీతతో పాటు మ్యాపు మీద గుర్తించాలి. చూడలేకపోయామని చెప్పినవారిని ఎవరూ చిన్నబుచ్చకూడదు.

మనిషి దొరికాక పట్టరాని సంతోషంతో చుట్టుముట్టకుండా, ఒకరిద్దరే దగ్గరకు వెళ్లి నెమ్మదిగా పలకరించాలి. స్పృహలో ఉంటేనే గుక్కెడు గుక్కెడుగా నీళ్లు పట్టాలి, నీడలో పడుకోబెట్టాలి, చోటును జీపీఎస్‌తో వైద్య సిబ్బందికి తెలపాలి. ఆ కబురు అడవిలో ఉన్న ప్రతి జట్టుకూ చేరిందని, వెళ్లినవారందరూ తిరిగివచ్చారని పేర్ల పట్టీతో ఒక్కొక్కరినీ సరిచూసుకున్న తరువాతే బేస్ క్యాంప్ ఎత్తివేయాలి.