విల్సన్ వ్యాధి: కంట్లో రాగి వలయాన్ని పట్టుకోవడం ఎలా

విల్సన్ వ్యాధిలో ఏటీపీ7బీ జన్యువు చెడి, కాలేయం రాగిని పైత్యరసంలోకి వదలలేకపోతుంది. ఆ రాగి కాలేయంలో, మెదడులో, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అంచున పేరుకుంటుంది. కార్నియాలో ఏర్పడే ఆ మరకే కైజర్-ఫ్లైషర్ రింగ్.

టార్చి వేసి చూసి ‘రింగ్ లేదు’ అని రాయకండి. మనవాళ్ల ముదురు గోధుమ కళ్లలో అది ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు భాగం) రంగులో కలిసిపోతుంది. స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు గీత వేసి కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) తప్పనిసరి.

మాగ్నిఫికేషన్ 16 దగ్గర పెట్టి, వెలుగుని పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో సన్నటి గీతగా వేయండి. పేషెంటును కిందికి చూడమని, పై రెప్పను వేలితో ఎత్తండి, గుడ్డు మీద నొక్కకుండా. రింగ్ ముందు 12 గంటల స్థానంలో, తర్వాత 6 దగ్గర పుట్టి, పక్కలకు పాకి కలుస్తుంది. రెప్ప ఎత్తకపోతే తొలిదశ రెప్ప కిందే ఉండిపోతుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

వెలుగు గీతలో కార్నియా మందం కోసిన ముక్కలా కనిపిస్తుంది. బంగారు గోధుమ లేదా ఆకుపచ్చ ఛాయ వెనక అంచునే, అంటే కార్నియా లోపలివైపుండే డెసిమెట్ పొరలోనే ఉండాలి. మందం మధ్యలో బూడిద తెలుపు, లింబస్‌కీ (కార్నియా తెల్లగుడ్డును కలిసే అంచు) దానికీ నడుమ సన్నటి ఖాళీ ఉంటే అది ఆర్కస్, అంటే కొవ్వు పేరుకున్న వలయం. రాగి వలయానికి ఆ ఖాళీ ఉండదు. అనుమానం తీరకపోతే గోనియోస్కోపీ (అద్దాలున్న లెన్స్ పెట్టి కార్నియా, ఐరిస్ కలిసే మూలను చూడటం) చేయండి. మరక ఒక్క కంట్లోనే ఉంటే రాగి తునక ఏదైనా గుచ్చుకుందేమో అడగండి. దీర్ఘకాలం పైత్యం నిలిచిపోయే కాలేయ జబ్బుల్లోనూ ఇలాంటి వలయం రావచ్చు.

కనుపాపను (ప్యూపిల్) పెద్దది చేశాక లెన్స్ ముందు పొర కూడా చూడండి. నడుమ బిళ్ల, చుట్టూ రేకులుంటే సన్‌ఫ్లవర్ క్యాటరాక్ట్ (పొద్దుతిరుగుడు పువ్వులా కనిపించే శుక్లం). అరుదు, చూపును పెద్దగా తగ్గించదు, ఆపరేషన్‌కు తొందరపడకండి.

రింగ్ లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. వణుకు, మాట తడబాటు లాంటి నరాల లక్షణాలున్నవారిలో దాదాపు అందరికీ కనిపిస్తుంది గానీ, కాలేయ జబ్బుగా బయటపడినవారిలో సుమారు సగం మందికే. రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్ 20 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువా, 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటిందా చూడాలి. చెడిన జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు, కాబట్టి తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 25 శాతం ముప్పు. మేనరికం ఉందేమో అడగండి, లక్షణాలు లేకపోయినా తోబుట్టువులందర్నీ పిలిపించండి.

రింగ్ ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉందో కేసుషీటులో బొమ్మ గీయండి. మందులు పడితే మెల్లగా, ఏళ్ల మీద, పక్కల నుంచి చెరిగిపోతుంది. 12, 6 స్థానాలు చివర. అది చెరిగిందని రాగిని తగ్గించే మందులు పెనిసిలమిన్, జింక్ ఆపకూడదని ఇంటివాళ్లకు అప్పుడే చెప్పాలి.