రొటేషన్ లెక్క తేడా కొడుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో న్యూటన్ సూత్రాల దాకా హాయిగా లెక్కలు చేసినవాళ్లు కూడా భ్రమణ చలనం దగ్గరికొచ్చేసరికి తడబడతారు. ఫార్ములాలన్నీ నోటికి వస్తాయి, జవాబే రాదు. చాలాసార్లు తప్పు ఫార్ములాలో ఉండదు. ఏ అక్షం చుట్టూ లెక్కిస్తున్నామో ముందే తేల్చుకోకపోవడంలో ఉంటుంది. మీ జవాబు ఎలా తప్పుతోందో చూసుకుని కింద వెతుక్కోండి.

జవాబు పదుల రెట్లు ఎక్కువ వస్తోంది

ఆర్‌పీఎంను అలాగే వేసేశారు. నిమిషానికి 300 చుట్లు తిరిగే సీలింగ్ ఫ్యాన్ కోణీయ వేగం సెకనుకు 31.4 రేడియన్లు. చుట్లను 6.28తో గుణించి 60తో భాగించాలి. గతిజశక్తిలో ఈ వేగం వర్గం ఉంటుంది కాబట్టి అక్కడ 300 వేస్తే జవాబు దాదాపు 91 రెట్లు పెరిగిపోతుంది.

టార్క్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వస్తోంది

టార్క్ అంటే వస్తువును అక్షం చుట్టూ తిప్పే ప్రభావం. దానికోసం బలాన్ని దూరంతో గుణించి ఊరుకున్నారు. ఏ దూరం? అక్షం నుంచి బలం పనిచేసే రేఖకు ఉన్న లంబదూరం. కారు చక్రం నట్టు విప్పడానికి 100 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలనుకోండి. పానా పొడవు 25 సెంటీమీటర్లయితే, కాడకు లంబంగా 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువంత బలం మోపాలి. అదే బలంతో కాడకు 30 డిగ్రీల కోణంలో లాగితే దక్కేది సగం టార్కే. మెకానిక్ పానాకు పైపు తొడిగి కాడను 50 సెంటీమీటర్లు చేస్తాడు, 200 న్యూటన్లతో పని అయిపోతుంది. బొమ్మలో బలం రేఖను రెండు వైపులా పొడిగించి, అక్షం నుంచి దాని మీదికి లంబం గీయండి. సైనా, కొసైనా అన్న అనుమానం అక్కడే తీరిపోతుంది.

కప్పీ లెక్కలో త్వరణం ఎక్కువ వస్తోంది

నేను దిద్దిన పేపర్లలో అందరికన్నా ఎక్కువ మార్కులు మింగింది ఇదే. తాడుకు రెండు వైపులా ఒకే టెన్షన్ (తాడు లాగే బలం) రాసేస్తారు. కప్పీకి బరువు లేదన్నప్పుడే అది చెల్లుతుంది. బరువున్న కప్పీ తన తిరుగుడు వేగం పెంచుకోవాలంటే దానికి టార్క్ కావాలి. రెండు టెన్షన్లూ సమానమైతే ఆ టార్క్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక వైపు 3 కిలోలు, మరో వైపు 2 కిలోలు, మధ్యలో 2 కిలోల పళ్లెం ఆకారపు కప్పీ ఉంది, తాడు జారడం లేదు. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. కప్పీని పట్టించుకోకపోతే త్వరణం 2 వస్తుంది. నిజానికి కప్పీ బరువులో సగం, అంటే 1 కిలో, మొత్తం ద్రవ్యరాశికి కలిసినట్టే. కాబట్టి త్వరణం 10 బై 6, అంటే 1.67. బరువైన వైపు టెన్షన్ 25 న్యూటన్లు, తేలికైన వైపు 23.33. తేడా 1.67 న్యూటన్లు. దాన్ని కప్పీ వ్యాసార్ధంతో గుణిస్తే సరిగ్గా కప్పీని తిప్పే టార్క్ వస్తుంది. జవాబు రాశాక ఈ ఒక్క సరిచూపు చేసుకోండి, అర నిమిషం పని.

కడ్డీ లెక్కలో కోణీయ త్వరణం నాలుగు రెట్లు వచ్చింది

కడ్డీ ఒక చివర చుట్టూ తిరిగేలా బిగించి ఉంటే, జడత్వ భ్రామకానికి (తిరుగుడు మార్పును వస్తువు ఎంత అడ్డుకుంటుందో చెప్పే రాశి) మధ్య బిందువు చుట్టూ ఉండే ఎంఎల్ స్క్వేర్ బై 12 వేశారు. ఇక్కడ ఎం కడ్డీ ద్రవ్యరాశి, ఎల్ పొడవు. కావలసింది ఎంఎల్ స్క్వేర్ బై 3. అడ్డంగా పట్టుకుని వదిలిన ఆ కడ్డీ రెండో కొన, వదిలిన క్షణంలో గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లతో కిందికి వస్తుంది. అక్కడ ఒక నాణెం పెట్టి ఉంటే అది వెనకబడిపోతుంది! ఇది తప్పు జవాబని కొట్టేయకండి.

దొర్లే వస్తువు మరీ నెమ్మదిగా దిగుతోంది

ఘర్షణ గుణకం ఇచ్చారు కదా అని దాన్ని అభిలంబ బలంతో (వాలు వస్తువును లంబంగా నెట్టే బలం) గుణించేశారు. అది ఘర్షణకు గరిష్ఠ పరిమితి మాత్రమే. జారకుండా దొర్లేటప్పుడు ఘర్షణ ఎంత అవసరమో అంతే ఉంటుంది. 30 డిగ్రీల వాలు మీద 3 కిలోల పళ్లేనికి కావలసింది 5 న్యూటన్లే. గుణకం 0.4 అయితే పరిమితి 10.4. అవసరం పరిమితి దాటలేదు, కాబట్టి దొర్లుతుంది. త్వరణం 3.33. ఘర్షణను ముందు తెలియని రాశిగా ఉంచి, చివర్లో పరిమితితో పోల్చండి.

చేతులు ముడిస్తే శక్తి పెరిగింది, లెక్క తప్పా?

తప్పు కాదు. తిరిగే కుర్చీలో కూర్చున్న మనిషి జడత్వ భ్రామకం 6 నుంచి 2కు తగ్గితే కోణీయ వేగం మూడు రెట్లవుతుంది, గతిజశక్తీ మూడు రెట్లవుతుంది. నిలకడగా ఉండేది కోణీయ ద్రవ్యవేగం. అదనపు శక్తి కండరాలు చేసిన పని. నమ్మకం కుదరకపోతే, రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని ఆ కుర్చీలో తిరుగుతూ వాటిని గుండెకేసి లాక్కోండి, ఎంత బలం పెట్టాల్సి వస్తుందో మీ భుజాలే చెబుతాయి.