పెడల్‌బోర్డు చూసి గిటారిస్టును ఎలా అంచనా వేయాలి?

అనంతపురంలో పెళ్లి రిసెప్షన్లకు, వినాయక చవితి మంటపాలకు, చర్చి పండుగలకు గిటారిస్టులను ఎంపిక చేసే పని పదిహేనేళ్లుగా చేస్తున్నాను. ఇన్నేళ్లుగా మిగతా ఆర్కెస్ట్రాల వాళ్లు చేస్తున్న తప్పు ఒకటే. అబ్బాయి పెడల్‌బోర్డు (గిటార్ సౌండును మార్చే, కాలితో నొక్కే పెడళ్లు బిగించిన పలక) తెరవగానే పెడళ్లు ఎన్నున్నాయో లెక్కపెడతారు, ధర అడుగుతారు, ఒక సోలో వాయించమంటారు, చప్పట్లు కొట్టి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ప్రోగ్రాం రోజు రెండో పాటకే గిటార్ ఎక్కడుందో ఎవరికీ వినపడదు. పెడళ్లు చూసి మనిషిని అంచనా వేయొచ్చు, నేను అలాగే వేస్తాను. కాకపోతే ఏం చూడాలో తెలిసి చూడాలి.

కావలసినవి తక్కువే. అరగంట టైము, మీ కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించేవాళ్లు, ప్రోగ్రాంలో వాడే మిక్సర్, రెండు స్పీకర్లు. గిటారిస్టు సొంత బోర్డు, సొంత కేబుళ్లు, సొంత అడాప్టర్ తెచ్చుకోవాలి. స్నేహితుడి బోర్డు అడిగి తెచ్చుకుంటే ఆ రోజుకు పంపించేయండి.

1. కరెంటు ఎలా ఇస్తున్నాడో చూడండి

ఎక్కువ పెడళ్లకు 9 వోల్టుల డీసీ కావాలి, పిన్ను మధ్యలో నెగెటివ్ ఉండాలి. ఇంట్లో వైఫై డబ్బాకు వచ్చే అడాప్టర్ చాలావరకు 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. పిన్ను చూస్తే అదే సైజు, సులభంగా దూరిపోతుంది. ఒకసారి మా ప్రోగ్రాంకు ముందు ఒక అబ్బాయి తొందరలో అదే గుచ్చాడు, డిలే పెడల్ (ప్రతిధ్వని ఇచ్చేది) మళ్లీ వెలగలేదు. అప్పటి నుంచి అడాప్టర్ మీద స్టిక్కర్ అంటించి పేరు రాసుకున్నవాడికి నా దగ్గర మొదటి మార్కు. "అన్నా, స్టేజికి కరెంటు జనరేటర్ నుంచా, లైన్ నుంచా?" అని తనంతట తానే అడిగితే రెండో మార్కు. పల్లెల్లో ప్రోగ్రాములు చేసినవాడికే ఆ ప్రశ్న వస్తుంది.

2. ట్యూనర్ ఉందా

లేకపోతే తీసుకోకండి. మే నెల ఎండలో వ్యానులోంచి దింపిన గిటార్ శ్రుతిలో ఉండదు. గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ పక్కన ప్యాడ్స్ మోగుతుంటే తడబడుతుంది. కాలితో నొక్కితే సౌండు ఆగిపోయి, చీకట్లో కూడా లైటు కనిపించే ట్యూనర్ పెడలే ఉండాలి. బాస్ కంపెనీది కావచ్చు, చవకది కావచ్చు, నాకు తేడా లేదు.

3. వరుస

గిటార్ వైపు నుంచి ట్యూనర్, వావా (కాలితో ఊపితే స్వరం "వా వా" అనేది), ఓవర్‌డ్రైవ్ లేదా డిస్టార్షన్ (సౌండును గరగరలాడించేవి), కోరస్ (ఒక గిటార్‌ను రెండు మూడు గిటార్లలా వినిపించేది), డిలే, చివర రివర్బ్ (పెద్ద హాల్లో వాయించినట్టు వినిపించేది). ఇదీ వరుస. డిలే ముందు పెట్టి దాని తర్వాత డిస్టార్షన్ పెడితే, ప్రతిధ్వనులు కూడా చిరిగి ముద్దగా కలిసిపోతాయి. అలా పెట్టినవాణ్ని ఎందుకు పెట్టావని అడగండి. ఆ ముద్దే కావాలని ఒక పాట వాయించి చూపిస్తే మంచిదే. "అలాగే వచ్చిందన్నా" అంటే వరుస తెలియదని అర్థం.

ఫజ్ పెడల్ (డిస్టార్షన్‌లోనే బాగా గరుకు రకం) ఉంటే మాత్రం లోపల జర్మేనియం ట్రాన్సిస్టర్లా, సిలికానా అని అడగండి. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్‌ను మొదట్లో జర్మేనియంతోనే చేశారు, అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాయించింది కూడా ఆ పెడలే. జర్మేనియం వేడికి మారిపోతుంది, సౌండు సన్నబడి తెగిపోతూ ఉంటుంది. చల్లటి ఊళ్లలో అది అందం. 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో సాయంత్రం ఆరింటికి వేడెక్కిన స్టేజి మీద అది నమ్మకూడని వస్తువు. ఆ సంగతి తెలిసి సిలికాన్‌ది తెచ్చినవాడు ఆలోచించి కొన్నాడని నేను లెక్కేస్తాను.

4. డిస్టార్షన్ ఎలా పెట్టుకున్నాడు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నిదానంగా చేయండి.

కుర్రవాళ్లు పెడల్‌ను ఇంట్లో, రాత్రిపూట, పక్కింటివాళ్లకు వినపడకుండా చిన్న సౌండుతో సెట్ చేసుకుంటారు. సౌండు చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, బాగా సన్నని ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకని అబ్బాయి బేస్, ట్రెబుల్ పెంచుతాడు, మిడ్ (ఆ రెండిటి మధ్య ఉండే సౌండు) తగ్గిస్తాడు. గదిలో అది బ్రహ్మాండంగా ఉంటుంది. అదే సెట్టింగ్ స్టేజి మీద పెద్ద సౌండుకు వచ్చేసరికి బేస్ గిటార్ ఒకవైపు, కీబోర్డు స్ట్రింగ్స్ ఒకవైపు, ప్యాడ్స్ తాళాలు ఒకవైపు ఆ జాగా అంతా తీసేసుకుంటాయి. గిటార్‌కు మిగిలేది మిడ్ ఒక్కటే, దాన్ని వాడు తనే కోసేసుకుని వచ్చాడు. వినపడక వాల్యూమ్ పెంచుతాడు, మిక్సర్ దగ్గరివాడు తగ్గిస్తాడు, ఇద్దరికీ గొడవ. ఈ గొడవలు నేను ఎన్నో తీర్చాను, ప్రతిసారీ కారణం ఇదే.

కాబట్టి ముందు నాబ్‌లు చూడండి. 1991లో వచ్చిన బాస్ మెటల్ జోన్ అనే డిస్టార్షన్ పెడల్ మన దగ్గర చాలామంది బోర్డుల మీద ఉంటుంది. దానికి మిడ్ కోసం విడిగా నాబ్‌లున్నాయి. మిడ్ పూర్తిగా కిందికి తిప్పి, డిస్ట్ (డిస్టార్షన్ ఎంత అనే నాబ్) పూర్తిగా పైకి తిప్పి ఉంటే అది గది సెట్టింగ్. పెడల్‌ను తిట్టొద్దు. అదే పెడల్‌లో డిస్ట్ తగ్గించి మిడ్ నిలబెడితే పాట మధ్యలో చక్కగా వినపడుతుంది. ఇబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ దీనికి పూర్తిగా వేరు. దాని తయారీలోనే 720 హెర్ట్జ్ దగ్గర మిడ్ ఉబ్బి ఉంటుంది, అందుకే ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టున్నా బ్యాండులో దూసుకొస్తుంది. ఆ పచ్చ పెడల్ ఉన్నవాడు పదిమందితో కలిసి వాయించినవాడు అయ్యుంటాడని నా అనుభవం.

అయితే నాబ్ చూసి తీర్పు చెప్పేయొద్దు. బాస్ డీఎస్-1 అనే డిస్టార్షన్ పెడల్ మీద డిస్ట్ దాదాపు సున్నా, లెవెల్ (వాల్యూమ్) ఫుల్లుగా పెట్టుకుని వచ్చిన ఒకతన్ని నేను ఏమీ తెలియనివాడనుకుని పంపించేశాను. అతను దాన్ని డిస్టార్షన్ కోసం కాకుండా, సోలో వచ్చినప్పుడు ముందున్న ఓవర్‌డ్రైవ్‌ను పెంచడానికి వాడుతున్నాడు. అడిగి ఉంటే చెప్పేవాడు. తర్వాత లలితకళా పరిషత్‌లో వేరే ట్రూపుతో అతను వాయిస్తుంటే హాలు చివరి వరుసలో కూర్చుని విన్నాను. ప్రతి స్వరం విడిగా వినిపించింది. మంచి మనిషిని పోగొట్టుకున్నాను. అందుకే చెబుతున్నా, అడగండి.

ఇప్పుడు వినండి. ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వినకండి, ఒంటరిగా వింటే గది సెట్టింగే గెలుస్తుంది. కీబోర్డు, ప్యాడ్స్ వాయిస్తుండగా మామూలు పాట ఒకటి, రెండుసార్లు వాయించమనండి. మీరు మిక్సర్ పక్కన కాకుండా ఇరవై అడుగుల దూరంలో, జనం నిలబడేచోట నిలబడండి. మొదటిసారి పెడల్ లేకుండా, రెండోసారి పెడల్ వేసి. పెడల్ వేయగానే వాల్యూమ్ ఎగిరిపడితే ఆపి, రెండూ సమానం చేసుకోమనండి. పెద్దగా మోగేది బాగుందనిపించడం చెవికి సహజం, సమానం చేయకుండా పోల్చితే మీరు మోసపోతారు. సమానం చేసుకోవడానికి అతను ఏ నాబ్ ముట్టుకున్నాడో చూడండి. నేరుగా లెవెల్ నాబ్ మీదికి చెయ్యి పోతే చేతికి పని తెలుసు. డిస్ట్ తగ్గించడం మొదలుపెడితే ఇంకా తెలియదు.

మీ చెయ్యి మాత్రం అతని నాబ్‌ల మీద పెట్టొద్దు. మీరు సరిచేస్తే ఇక మీరు వింటున్నది మీ సౌండే.

ఇంకొక్క జాగ్రత్త. మన ప్రోగ్రాముల్లో గిటార్ ఆంప్ (గిటార్‌కు విడిగా ఉండే స్పీకర్ పెట్టె) ఎవరూ తేరు, గిటార్ తిన్నగా మిక్సర్‌లోకే వెళుతుంది. గిటార్ ఆంప్‌లోని స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక సౌండును బాగా తగ్గించేస్తుంది. పీఏ స్పీకర్ (జనానికి వినిపించే పెద్ద స్పీకర్) అలా తగ్గించదు. డిస్టార్షన్ పెడల్‌ను తిన్నగా మిక్సర్‌కు ఇస్తే ఈగలు ముసిరినట్టు వినపడేది అందుకే. "ఆంప్ లేకపోతే ఏం చేస్తావు తమ్ముడూ?" అని అడగండి. స్పీకర్ సిమ్యులేషన్ (ఆంప్ స్పీకర్ సౌండును అనుకరించడం) ఉన్న పెడల్ తన బోర్డు చివర చూపిస్తే, మిగతా తప్పులు ఎన్నున్నా నేను అతనికి ఇంకో అవకాశం ఇస్తాను.

మల్టీ ఎఫెక్ట్స్ (చాలా పెడళ్ల పని చేసే ఒకే డబ్బా) గురించి మాట్లాడాల్సింది కూడా ఇక్కడే. జూమ్ జీ1 ఫోర్ లాంటి చిన్న డబ్బా తెచ్చినవాణ్ని చూసి "పెడళ్లు లేవా?" అని మొహం తిప్పుకునేవాళ్లున్నారు. అది చాలా తప్పు. అందులో ఆంప్, స్పీకర్ సిమ్యులేషన్ రెండూ ఉంటాయి, ఒక్క అడాప్టర్ చాలు, బస్సులో ఒళ్లో పెట్టుకుని రావచ్చు. బెంగళూరు వెళ్లి పెడళ్ల మీద రెండేళ్ల సంపాదన పోసి, వాటిని తిన్నగా మిక్సర్‌కు గుచ్చేవాడి కంటే కదిరి నుంచి ఈ డబ్బాతో వచ్చిన అబ్బాయి సౌండు నాకు చాలాసార్లు బాగా వినిపించింది. కాకపోతే కంపెనీవాళ్లు ఇచ్చిన ప్యాచ్‌లే (డబ్బాలో దాచిపెట్టిన సౌండు సెట్టింగులు) వాడుతున్నాడా, సొంతంగా చేసుకున్నాడా అని చూడాలి. సొంత ప్యాచ్‌లకు పాటల పేర్లు పెట్టుకున్నవాణ్ని వదులుకోకండి.

5. డిలే, కోరస్, రివర్బ్

డిలే పాట వేగానికి సరిపోవాలి. 60,000ని పాట బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో) భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 అయితే 500. ఈ లెక్క నోటితో చెప్పనక్కర్లేదు, ట్యాప్ బటన్ మీద కాలితో తాళం వేసి సరిచేసుకున్నా చాలు. చర్చిలో వాయించే కుర్రవాళ్లు ఈ పని బాగా చేస్తారు. కోరస్ పాటంతా వేసి ఉంచేవాణ్ని తీసుకోకండి. రివర్బ్ స్టేజికి అక్కర్లేదు, మంటపం గోడలు, మిక్సర్ కలిసి కావలసినంత ఇస్తాయి.

6. అన్నీ ఆపించండి

చివరగా పెడళ్లన్నీ ఆపి, క్లీన్‌గా ఒక పాటకు రిథమ్ వాయించమనండి. రెండు నిమిషాలు. తాళం నిలబడితే తేదీ చెప్పి అడ్వాన్స్ ఇవ్వండి. ఇచ్చే ముందు, ఇప్పుడున్న నాబ్‌లన్నిటినీ అతని ఫోన్‌లోనే ఫొటో తీసుకోమనండి, ప్రోగ్రాం రోజు సౌండ్ చెక్ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.