విద్యార్థుల పరిశోధన ప్రసంగాలకు మార్కులు వేసే ముందు

- జాబితా చేతికి రాగానే పేర్లన్నీ చదవండి. మీ దగ్గర పరిశోధన చేస్తున్నవాళ్లు, మీతో కలిసి పేపర్ రాసినవాళ్లు ఉంటే నిర్వాహకులకు ముందే చెప్పి ఆ ప్రసంగం వరకు తప్పుకోండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

- మార్కుల షీటు ముందు రోజే తెప్పించుకోండి. తోటి జడ్జీలంతా ఏదైనా పాత పోస్టర్‌కి (పరిశోధన అంతా ఒకే షీటు మీద చూపించేది) విడివిడిగా మార్కులు వేసి పోల్చుకుంటే, ఎవరి చెయ్యి బిగువో తెలిసిపోతుంది.

- సమయం సంగతి తేల్చుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీలో ఒక్కటే స్లైడ్, యానిమేషన్లు ఉండకూడదు, 3 నిమిషాలు దాటితే అనర్హులే. మీ సదస్సులో అంత కఠినం కాకపోవచ్చు. కానీ ఒకరికి అర నిమిషం వదిలేస్తే అందరికీ వదలాల్సిందే.

- మొదటి ఇద్దరు ముగ్గురికి పెన్సిల్‌తో మార్కులు వేయండి. ఇంకొందరిని విన్నాక వాటిని మళ్లీ చూడండి. పొద్దున్నే మాట్లాడినవాళ్లకు తరచూ అన్యాయం జరిగేది ఇక్కడే.

- ఇంగ్లీషు ధాటికి పడిపోకండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి టెన్షన్‌తో తడబడవచ్చు. గ్రాఫ్‌లో ఫలితం ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీత మీద వేలు పెట్టి “ఈ ఎర్రర్ బార్ ఇంత పొడవుందేమ్మా?” అని అడిగితే, శాంపిళ్లు ఎందుకు తగ్గాయో సూటిగా చెప్పిందనుకోండి, మార్కు ఆ జవాబుకే. “ఇందులో నువ్వు స్వయంగా చేసిందేమిటి?” అన్న ప్రశ్న మాత్రం అందరినీ అడగాలి.

- మార్కులు సమానమైతే ఏ అంశాన్ని బట్టి తేల్చాలో ముందే రాసుకోండి.

- సర్టిఫికెట్ ప్రింట్ చేసే ముందు పేరు స్పెల్లింగ్ విద్యార్థికే చూపించండి.

- బహుమతి రానివాళ్లకీ రెండు వాక్యాలు రాసివ్వడానికి విడిగా కాగితాలు పెట్టుకోండి.