బట్టీలో గాజు – మూడో పాఠం: రెండు పొరల బిళ్ల

కిందటి పాఠంలో చెప్పినట్టు 3 మిల్లీమీటర్ల కిటికీ అద్దాన్ని 10 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, అంచుల పదును తీసి ఉంచారనుకుంటాను. ఈసారి వాటిలో రెండింటిని ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్యలో కాస్త రాగి రేకు పెట్టి, కరెంటు బట్టీలో ఒకే బిళ్లగా అతికిద్దాం. అతుక్కోవడానికి 825 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు చాలు. ఆ తర్వాత అది పగలకుండా గది వేడికి దిగిరావడానికి మర్నాటి ఉదయం దాకా పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ పది నిమిషాల గురించే ఎక్కువ అడుగుతారు. బిళ్ల నిలిచేదీ పోయేదీ తేలేది మాత్రం దిగేటప్పుడే.

ఏ గాజుతో ఏ గాజు

రెండు చదరాలూ ఒకే షీటులోంచి కోసినవై ఉండాలి. ఇది చాదస్తం కాదు. వేడికి ప్రతి గాజూ వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది. ఎంత అన్నది దాని కూర్పును బట్టి ఉంటుంది. కళాకారులు వాడే రంగు గాజు మీద 90 అనో 96 అనో కనిపించే అంకె దీని గురించే: వేడి ఒక డిగ్రీ పెరిగితే ఆ గాజు తన పొడవులో కోటింట 90 వంతులు పెరుగుతుందని అర్థం. 90కీ 96కీ మధ్య ఆరే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. గాజు గట్టిపడిన దగ్గర నుంచి గది వేడికి సుమారు 450 డిగ్రీలు దిగుతుంది. 10 సెంటీమీటర్ల బిళ్లలో ఆ రెండు గాజుల మధ్య వచ్చే తేడా మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు కూడా ఉండదు. కానీ గట్టిపడిన గాజు సాగి సర్దుకోలేదు కాబట్టి ఆ కాస్త తేడా ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది. కొన్ని బిళ్లలు బట్టీలోనే పగులుతాయి. కొన్ని అల్మారాలో పెట్టిన కొన్ని వారాలకు, ఎవరూ ముట్టుకోకుండానే, టప్పుమని విడిపోతాయి.

ఒకదానితో ఒకటి కలిసే రంగు గాజు షీట్లు రావడం వెనుక ఒక పరిచయం ఉంది. జర్మన్ కళాకారుడు క్లాస్ మోయె 1979లో అమెరికాలోని పిల్చక్ గాజు పాఠశాలలో బోధించడానికి వెళ్లినప్పుడు ఆయనకు బుల్స్‌ఐ వాళ్లతో స్నేహం కలిసింది. పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన చిన్న గాజు కార్ఖానా అది. బట్టీలో పగలకుండా అతుక్కునే రంగులు ఆయనకు కావాలి, అలాంటివి తయారు చేయాలని వాళ్లకు పట్టుదల. మోయె 1982లో ఆస్ట్రేలియా వెళ్లి కాన్‌బెర్రా ఆర్ట్ స్కూల్లో గాజు విభాగాన్ని నెలకొల్పాడు. బట్టీ గాజుకు ఆ ఊరికి వచ్చిన పేరు అక్కడి నుంచే.

అంకె కలిస్తే చాలు, గాజు కలిసినట్టే అని కూడా అనుకోవద్దు. వేడిలో ఎంత త్వరగా మెత్తబడుతుందన్నది కూడా కలవాలి. అందుకే ఒక తయారీదారు గాజును మరొకరి గాజుతో పరీక్షించకుండా కలపకూడదు. సీసా ముక్కలు కిటికీ అద్దంతో వద్దు. టఫెన్డ్ గాజు, అంటే వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరిచింది, అసలే వద్దు, దాన్ని విరవబోతే మొత్తం నుగ్గవుతుంది.

తగరం తాకిన ముఖం

కిటికీ అద్దానికి రెండు ముఖాలూ ఒకటి కావు. పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించిన ఫ్లోట్ పద్ధతిలో, కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించి షీటుగా లాగుతారు. కింది ముఖంలో కొంచెం తగరం ఉండిపోతుంది. తర్వాతి పాఠాల్లో బిళ్లను గిన్నెలా వంచేటప్పుడు ఆ ముఖం లోపలి వైపు నొక్కుకుపోతే పాలపొర లాంటి మసక వస్తుంది. 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపాన్ని చీకట్లో చూపిస్తే తగరం వైపు తెల్లగా మెరుస్తుంది. నోట్ల తనిఖీకి వాడే మామూలు దీపంతో ఇది సరిగ్గా తేలదు. దీపం వైపు నేరుగా చూడకండి, కళ్లకు హాని. దీపం దొరకనివాళ్లు షీటు కోయకముందే ఒక వైపంతా మార్కరుతో గుర్తులు పెట్టుకుంటే కనీసం రెండు చదరాలూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. దీపం ఉన్నవాళ్లు తగరం ముఖాన్ని రెండింటికీ కిందికి పెట్టండి.

షెల్ఫ్, రాగి, పేర్చడం

బట్టీలో గాజును పెట్టే పలకకు, అంటే షెల్ఫ్‌కు, కిల్న్ వాష్ పూయకపోతే గాజు దానికే అతుక్కుపోతుంది, రెండూ దండగ. అది అల్యూమినా హైడ్రేట్, చైనా మట్టి కలిపిన పొడి. ఒక వంతు పొడికి అయిదు వంతుల నీళ్లు పోసి, మెత్తటి వెడల్పాటి కుంచెతో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా నాలుగైదు పూతలు పూయండి. మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి, పొడి త్వరగా అడుక్కు దిగిపోతుంది. 260 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. ఒకసారి పూర్తిగా కరిగించే కాల్పు అయ్యాక పాత పూత గీకేసి కొత్తది వేయాల్సిందే. గీకేటప్పుడు మంచి దుమ్ము మాస్కు పెట్టుకోండి, ముక్కుకు చేతిరుమాలు చాలదు.

రెండు చదరాలను స్పిరిటుతో తుడిచి, ఆ తర్వాత అంచులు పట్టుకునే ఎత్తండి. వేలిముద్ర పడిన చోట గాజు ముఖం తెల్లటి పొక్కులా స్ఫటికీకరించడం మొదలవుతుంది. మార్కరు గుర్తులుంటే ఇప్పుడే పోవాలి.

మధ్యలో పెట్టే రాగి రేకు కాగితమంత పలుచగా ఉండాలి. రాగి వ్యాకోచం గాజుకు దాదాపు రెట్టింపు. పలుచని రేకు మెత్తన కాబట్టి గాజు లాగిన వైపు లొంగుతుంది, మందమైతే గాజునే పగలగొడుతుంది. ఆకు, చేప, ముగ్గు మెలిక, ఏదైనా కత్తిరించుకోండి. అంచు నుంచి సెంటీమీటరు ఖాళీ వదలండి. రాగి ఎర్రగా, ఊదాగా, ఒక్కోసారి నీలి ఆకుపచ్చగా మారుతుంది. ఏ రంగు తేలుతుందో దానిదే నిర్ణయం, మనకు ఓటు లేదు.

రెండు పొరలు కలిపి 6 మిల్లీమీటర్లు. ఈ మందాన్ని ఊరికే ఎంచలేదు. పూర్తిగా కరిగినప్పుడు గాజు తనంతట తాను దాదాపు 6 మిల్లీమీటర్ల మందానికి సర్దుకోవాలని చూస్తుంది. ఒక్క పొరే కాల్చితే అంచులు లోపలికి ముడుచుకుపోతాయి. మూడు పొరలు పెడితే బయటికి పారి చదరం ఆకారమే పోతుంది.

కాల్పు

గాజుకు ఫలానా డిగ్రీ దగ్గర ఠక్కున కరిగే గుణం లేదు. బెల్లం పాకంలా వేడిని బట్టి పలుచబడుతుంది, చిక్కబడుతుంది. ఆ దశలకు తగ్గట్టు బట్టీ వేడిని నడిపే కంట్రోలరుకు అంకెలు ఇవ్వాలి.

ముందు గంటకు 150 డిగ్రీల చొప్పున 540 దాకా ఎక్కించి పావుగంట ఆపండి. ఇంతవరకు గాజు గట్టిగానే ఉంటుంది, తొందరపడితే పగిలేది ఇక్కడే. అక్కడి నుంచి గంటకు 100 చొప్పున 680కి వెళ్లి అరగంట నిలపండి. పై చదరం మెల్లగా మెత్తబడి కింది దాని మీద ఒరుగుతుంది, మధ్యలో ఇరుక్కున్న గాలి పక్కల నుంచి జారుకుంటుంది. ఈ అరగంట తగ్గిస్తే నడిమధ్య పెద్ద బుడగ ఖాయం. తర్వాత గంటకు 300 చొప్పున 825కి. 700, 760 డిగ్రీల మధ్య నిదానిస్తే తెల్లపొర పట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టే ఇక్కడ పరుగు. 825లో పది నిమిషాలు. ఉదయం 8 గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నం 2 దాటాక ఈ ఘట్టం వస్తుంది.

ప్రతి బట్టీలో వేడిని కొలిచే తీగ, థర్మోకపుల్, ఉన్న చోటు వేరు, కాబట్టి నా 825 మీకు 815 కావచ్చు, 835 కావచ్చు. చిన్న రంధ్రంలోంచి చూసి అంచులు గుండ్రబడ్డాయో లేదో నిర్ధారించుకుని అంకె మీ పుస్తకంలో రాసుకోండి. షేడ్ 3 వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకునే చూడాలి. నైలాన్ చీరలు, పాలియెస్టర్ చున్నీలు బట్టీ దగ్గరికి రానివ్వొద్దు.

పది నిమిషాలయ్యాక వేడి దానంతట అదే 550కి పడిపోనివ్వండి. మూత తెరిచి తొందరపెట్టకండి. 550లో గంటసేపు ఆపండి. ఆ తర్వాత గంటకు 60 చొప్పున 450కి, గంటకు 100 చొప్పున 370కి దించి బట్టీ ఆపేయండి. అప్పటికి సాయంత్రం 7 అవుతుంది. మర్నాడు ఉదయం బట్టీ లోపల, బయట వేడి ఒకటయ్యాకే మూత తీయండి.

ఇలా ఆపి నెమ్మదిగా చల్లార్చడాన్నే అనీలింగ్ అంటారు. ఇది ఎందుకంటే, బిళ్ల పైభాగం లోపలి కంటే ముందు చల్లబడుతుంది. పైభాగం ముందే గట్టిపడి కూర్చుంటే, ఆలస్యంగా కుంచించుకునే లోపలి భాగం దాన్ని లాగుతూనే ఉంటుంది. 550 ప్రాంతంలో గాజు ఆకారం చెడకుండానే లోపల సర్దుకోగలదు, బిళ్లంతా ఒకే వేడికి వచ్చి ఆ లాగుడు తీరిపోతుంది. తర్వాత నెమ్మదిగా దించడం మళ్లీ ఆ తేడా పుట్టకుండా. మందం రెట్టింపైతే చల్లార్చే వేగం సగానికి కాదు, సుమారు నాలుగో వంతుకు తగ్గాలి. 1934లో అమెరికాలోని కార్నింగ్‌లో పాలోమార్ టెలిస్కోపు కోసం పోసిన 200 అంగుళాల దర్పణపు గాజు చల్లారడానికి దాదాపు పది నెలలు పట్టింది. మనది ఒక్క రాత్రితో పోతోంది.

మధ్యలో కరెంటు పోతే కంగారుపడకండి, మూత మాత్రం ముట్టుకోకండి. దిగే దశలో పోయి ఉంటే, బిళ్ల పగలకుండా బయటికి వచ్చినా సరే, మళ్లీ గంటకు 150 చొప్పున 550కి ఎక్కించి గంట నిలిపి, పైన చెప్పినట్టే దించండి.

బిళ్లను చదవడం

పగిలితే పగులు అంచు చూడండి. అంచు కరిగి నున్నగా ఉంటే ఎక్కేటప్పుడు పగిలింది, మొదటి దశ వేగం తగ్గించాలి. చేతికి గుచ్చుకునేంత పదునుగా ఉంటే దిగేటప్పుడు పగిలింది. రాగి చుట్టూ తిరిగిన పగులైతే రేకు మందం ఎక్కువైనట్టు. అంచుల్లో సూదిమొనల్లాంటివి లేస్తే గాజు కుంచించుకునేటప్పుడు షెల్ఫ్‌ను పట్టుకుందని, పూత సరిగ్గా పడలేదని అర్థం.

పగలని బిళ్లకూ పరీక్ష ఉంది. కంప్యూటర్ ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని కంటి ముందు తిప్పుతూ తెర నల్లబడే కోణం పట్టుకోండి. తెరకూ కళ్లద్దానికీ మధ్య బిళ్లను అడ్డం పెట్టండి. బిళ్ల కూడా నల్లగానే ఉంటే ఒత్తిడి లేదు. మూలల్లో తెల్లటి వెలుగు కనిపిస్తే అనీలింగ్ చాల్లేదు, మళ్లీ చేయవచ్చు. రాగి చుట్టూ సన్నని వెలుగు మామూలే. వెడల్పాటి వెలుగు వలయమైతే ఆ బిళ్లను ఎవరికీ కానుకగా ఇవ్వకండి.

వచ్చే పాఠంలో ఈ బిళ్లనే లోతు తక్కువ పళ్లెంగా వంచుదాం. కుమ్మరి దగ్గర మెరుపు పూత లేని, బాగా కాలిన మట్టి మూకుడు ఒకటి కొని, అడుగున గాలి పోవడానికి 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో రంధ్రం వేసి, లోపలంతా కిల్న్ వాష్ పూసి ఆరబెట్టండి. మూకుడు నోటి వెడల్పు బిళ్ల కంటే కాస్త తక్కువ ఉండాలి.