దూరదేశపు మొక్కను తెప్పించడం – 3వ పాఠం: కాగితాల మధ్య కొత్తిమీర

పోయిన పాఠంలో చిన్న జంతువును సీసాలో పెట్టి మూత బిగించాం. అది పాడవకుండా ఉండాలంటే సారా, రమ్ము, బ్రాందీ ఏదైనా సరే. అవి దొరక్కపోతే గ్యాలన్ సముద్రపు నీటికి 3, 4 గుప్పిళ్ళ ఉప్పు, ఒకటి రెండు చెంచాల పటిక పొడి. లండన్‌లో మందుల దుకాణం నడిపిన జేమ్స్ పెటివర్ 1700 ప్రాంతంలో అచ్చు వేయించి, దూరదేశాల నుంచి తనకు మొక్కలు, జంతువులు పంపమని ఓడలెక్కే వాళ్ళకు పంచిన కాగితంలోని కొలతలివి. సొరచేపను పడితే దాని కడుపులో ఏముందో కూడా వెతకమని అందులోనే బతిమాలాడు! ఈసారి మొక్కలను కాగితాల మధ్య ఎండబెట్టడం.

పెటివర్ ఇండియా రాలేదు. మద్రాసు కోటలో సర్జన్‌గా ఉన్న శామ్యూల్ బ్రౌన్ పంపినవి చూసే ఇక్కడి మొక్కల గురించి రాశాడు. పంపేవాడు వదిలేసిన ముక్క అతనికి ఇక ఎప్పటికీ కనపడదు. ఈ పాఠమంతా ఆ ఒక్క సంగతి మీదే.

ధనియాల కోసం వదిలేసిన కొత్తిమీర మొక్కను వేళ్ళతో సహా పీకండి. అడుగున మనం పచ్చడికి కోసుకునే వెడల్పాటి ఆకు. పైన పూత దగ్గర దారప్పోగుల్లాంటి ఆకు. పై కొమ్మ ఒక్కటే పంపితే చూసేవాడికి కొత్తిమీర అని ఎలా తెలుస్తుంది? అందుకే మొదలు దగ్గర ఆకు, పైన ఆకు వేరుగా ఉంటే రెండూ కావాలన్నాడు పెటివర్. పువ్వో, కాయో, గింజో ఉన్న కొమ్మ కోయాలి. ఏదీ లేకపోతే ఉన్నదున్నట్టే తీసుకోవాలి.

అతను వాడమన్నది కుట్టిన దస్తా బ్రౌన్ పేపరు. మనకు పాత న్యూస్‌పేపర్లు చాలు. కోసిన చోటే ఆకులు విప్పి పరిచి, ఒక ఆకును తిరగేసి వెనకవైపు కనపడేలా పెట్టండి. ఇంటికొచ్చాక పైన బరువు పెట్టి, మొదటి వారం రోజూ కాగితం మార్చండి. నేను గంగవాయిలి కూరను నాలుగు రోజులు మార్చకుండా వదిలేస్తే మొత్తం బూజు పట్టింది. నీరు ఎక్కువుండే మొక్కలతో ఆ టెన్షన్ తప్పదు.

చీటీ మీద ఊరు, తేదీ, పువ్వు రంగు రాయండి. ఎండాక రంగు నిలవదు. ఊళ్ళో వాళ్ళు పిలిచే పేరు వాళ్ళన్నట్టే రాయండి. బ్రౌన్ మొక్కల వివరాలు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ పత్రికలో తమిళ పేర్లతోనే అచ్చయ్యాయి. 1718లో పెటివర్ పోయాక అతని సేకరణను హాన్స్ స్లోన్ అనే లండన్ వైద్యుడు కొన్నాడు. బ్రౌన్ ఎండబెట్టిన మొక్కలు ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

వచ్చే పాఠం సీతాకోకచిలుక. జేబులో పట్టే పాత పుస్తకం ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.